మాటకు వైద్యం ఎవరి భాషలో?

విశ్వవిద్యాలయాల మధ్య అంతర్జాతీయ సహకారం అనగానే మనలో రెండు రకాల ధోరణులు కనిపిస్తాయి. విదేశం నుంచి వచ్చిందల్లా జ్ఞానమేనని చేతులు జోడించేవారు కొందరు. విదేశం నుంచి వచ్చిందల్లా పెత్తనమేనని తలుపు మూసుకునేవారు కొందరు. అభ్యుదయ సాహిత్యం చదువుకుంటూ పెరిగిన నాబోటివారికి రెండోవైపు మొగ్గు సహజం. అయితే ఈ రెండు ధోరణులూ అసలు ప్రశ్నను దాటవేస్తాయి. ఆ సహకారంలో వస్తున్నదేమిటి? ఎవరి చేతికి వస్తున్నది? వచ్చినవారు వెళ్ళిపోయాక మిగులుతున్నదేమిటి? పరిశీలించవలసినవి ఇవి. ఈ వ్యాసంలో ఆ ప్రశ్నలను ఒక చిన్న రంగానికి అన్వయించి చూడదలిచాను. ఆస్పత్రుల్లో దాన్ని స్పీచ్ థెరపీ అంటారు. నేను మాట చికిత్స అంటాను.

సాహిత్య విమర్శకు చోటైన పత్రికలో వైద్యం గురించి రాయడమేమిటని పాఠకులు అడగవచ్చు. మిగతా వైద్యాలకూ దీనికీ మౌలికమైన తేడా ఒకటి ఉంది. విరిగిన ఎముకను కట్టే పద్ధతి సిడ్నీలోనూ సిరిసిల్లలోనూ ఒకటే. మాట చికిత్సలో రోగం బయటపడేది భాషలో, పరీక్ష జరిగేది భాషలో, ఇచ్చే మందు కూడా భాషే. కాబట్టి ఇది భాషతో పనిచేసేవాళ్ళందరి సమస్య. రచయితలు, విమర్శకులు, తెలుగు పంతుళ్ళు దీన్ని డాక్టర్లకు వదిలేసి ఊరుకోవడానికి వీల్లేదు.

ఈ చికిత్స ఎవరికి కావాలి? చెవుడు వల్ల మాట రాని పిల్లలకు, వయసు వచ్చినా మాటలు కూడని పిల్లలకు, అక్షరాలు తారుమారుగా పలికేవారికి, మాట తడబడేవారికి, పక్షవాతంతో మాట పడిపోయినవారికి, గొంతు కాన్సర్ ఆపరేషన్‌తో స్వరం పోయినవారికి. మింగుడుపడని రోగులకు ఏ తిండి ఎలా పెట్టాలో చెప్పేదీ వీరే. ఇన్ని రకాల బాధల్లో చాలావాటిని మన వాడుక భాష ‘నత్తి’ అనే ఒక్క మాటలో కుక్కేస్తుంది. మరో మాట చూడండి: గ్రహణమొర్రి. గర్భం మొదటి నెలల్లో శిశువు పెదవి, అంగిలి కలవవలసిన రీతిలో కలవకపోవడం వల్ల వచ్చేది అది. మన మాట మాత్రం తల్లి గ్రహణం చూసిందనే నేరారోపణను తనలోనే దాచుకున్నది. ఆపరేషన్‌తో పెదవి అతుకుతుంది. చాలామంది పిల్లలకు ఆ తర్వాత మాట నేర్పవలసి ఉంటుంది. ఆ సంగతి ఎవరూ చెప్పక, ‘కుట్లు వేశారుగా, ఇంక ఇంతే’ అని ఊరుకునే ఇళ్ళు ఎన్నో.

ఇక నా తప్పు చెప్పుకోవాలి. పదేళ్ళ కిందట ఖమ్మం జిల్లాలో నేను పనిచేస్తున్న బడికి, ఆరో తరగతిలో, ఒక కూలి కుటుంబపు పిల్లవాడు వచ్చాడు. హాజరు పిలిచినప్పుడు తప్ప నోరు విప్పేవాడు కాదు. పద్యం చదవమని నిలబెడితే ‘క’ ఉన్నచోటల్లా ‘త’ పలికేవాడు, ‘గ’ ఉన్నచోట ‘ద’ పలికేవాడు. కాకి తాతి అయ్యేది, గాలి దాలి అయ్యేది. తరగతి నవ్వేది. ఆ నవ్వును నేను ఆపలేదు. పైగా ‘నాలుక తిరగదేమిరా’ అంటూ అందరి ముందూ పదిసార్లు పలికించాను. ఎం.ఏ.లో వర్ణోత్పత్తి స్థానాలు చదువుకున్నవాణ్ణి. కంఠ్యాలు ఇవి, దంత్యాలు ఇవి అని రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. కంఠ్యం దంత్యంగా మారుతున్నదని నా ఎదుట నిలబడిన పిల్లవాడి నోట్లో గుర్తుపట్టలేకపోయాను. మందమతి అనుకుని వెనక బెంచీకి పంపాను.

తర్వాత ఎవరో చెప్పగా తల్లి అతన్ని నగరంలోని ఒక ఆస్పత్రికి తీసుకుపోయింది. అక్కడి మాట చికిత్సకురాలు తెలుగమ్మాయే, ఓర్పు గలదే. సమస్యను పది నిమిషాల్లో గుర్తుపట్టింది. అయితే ఆమె చదువంతా ఇంగ్లీషులో సాగింది. ఆమె దగ్గరున్న బొమ్మల కాగితాలు ఇంగ్లీషు దేశాల పిల్లల కోసం తయారయినవి. ‘క’ సాధన చేయడానికి ఇచ్చిన మాటలు కప్, కేక్, కైట్. బొమ్మల్లో మంచుతో చేసిన మనిషి ఒకడున్నాడు. చదువురాని తల్లి ఆ కాగితం ఇంట్లో పెట్టుకుని ఏం సాధన చేయించగలదు? ఒక్కో ప్రయాణానికి రెండు రోజుల కూలి పోయేది. మూడుసార్లు వెళ్ళి మానుకున్నారు. ‘లాభం లేదు సారూ’ అన్నది ఆమె నాతో. లాభం లేనిది చికిత్సలో కాదు, చికిత్స చేసిన భాషలో అని తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. ఆ తెలుసుకునే ప్రయత్నంలోనే ఇతర దేశాల అనుభవాల దాకా వెళ్ళాను.

వియత్నాం ఉదాహరణ తీసుకుందాం. 1975లో యుద్ధం ముగిశాక కూడా దశాబ్దాల పాటు ఆ దేశంలో మాట చికిత్సకు విశ్వవిద్యాలయ స్థాయిలో పూర్తి చదువు లేదు. 2010లో హో చి మిన్ నగరంలోని ఫామ్ న్గొక్ థాక్ వైద్య విశ్వవిద్యాలయంలో రెండేళ్ళ కోర్సు మొదలయింది. ఆ పేరు గల డాక్టరు 1945లో స్వతంత్రం ప్రకటించుకున్న వియత్నాంకు తొలి ఆరోగ్యమంత్రి. క్షయరోగ వైద్యుడు. 1968లో దక్షిణాది యుద్ధక్షేత్రంలో మలేరియాతో మరణించాడు. ఆయన పేరున్న విశ్వవిద్యాలయానికి తోడుగా నిలిచింది ట్రిన్ ఫౌండేషన్ ఆస్ట్రేలియా అనే స్వచ్ఛంద సంస్థ. సిడ్నీ, న్యూకాసిల్ విశ్వవిద్యాలయాల అధ్యాపకులు ఆ పనిలో పాలుపంచుకున్నారు. అప్పటికే ఆస్పత్రుల్లో పనిచేస్తున్న ఆరోగ్య సిబ్బందిని విద్యార్థులుగా తీసుకున్నారు. 2012లో తొలి జట్టుగా 18 మంది బయటికి వచ్చారు.

18 చిన్న అంకె. అంకె కంటే ముఖ్యమైనది ఆ రెండేళ్ళలో ఎదురైన సమస్యల స్వభావం. ఆస్ట్రేలియా అధ్యాపకులు ఇంగ్లీషులో చెప్పేవారు, దుబాసీ వియత్నామీలోకి మార్చేవాడు. అంటే ఉన్న సమయంలో సగం అనువాదానికే పోతుంది. ఇంకా పెద్ద చిక్కు, చాలా భావనలకు ఆ భాషలో స్థిరపడిన పారిభాషిక పదమే లేకపోవడం. దుబాసీకి భాష తెలుసు, శాస్త్రం తెలియదు. అధ్యాపకునికి శాస్త్రం తెలుసు, భాష తెలియదు. రెండూ తెలిసిన మనిషిని తయారుచేయడమే ఆ కోర్సు లక్ష్యం కావలసి వచ్చింది.

భాష లోపలికి వెళితే సమస్య ఇంకా స్పష్టమవుతుంది. వియత్నామీ స్వరభేదం మీద నడిచే భాష. ‘మ’ అనే ఒకే అక్షరాన్ని ఆరు రకాల స్వరాలతో పలికితే దయ్యం, అమ్మ, కానీ, సమాధి, గుర్రం, వరినారు అని ఆరు అర్థాలు వస్తాయి. పక్షవాతం వచ్చిన మనిషి ఆ స్వరం పట్టలేకపోతే అమ్మ గుర్రమవుతుంది. ఇంగ్లీషు కోసం తయారైన ఏ పరీక్షా ఈ లోపాన్ని పట్టుకోలేదు. అంతేకాదు, ఉత్తరాదివారు విడిగా పలికే రెండు స్వరాలు దక్షిణాదివారి నోట ఒకటే అవుతాయి. అది రోగం కాదు, మాండలికం. ఈ తేడా తెలియనివాడు ఆరోగ్యవంతుణ్ణి రోగిగా రాసేస్తాడు. మరొకటి: వియత్నామీలో ‘నేను’, ‘నువ్వు’ అనడానికి కూడా ఎక్కువగా చుట్టరికపు పిలుపులే వాడతారు. వయసునుబట్టి అన్న, అక్క, పిన్ని, తాత. రోగిని ఏమని పిలవాలో తెలియకుండా మొదటి వాక్యమే మొదలుకాదు. మనకైనా అంతే కదా. డెబ్బయ్యేళ్ళ రైతును ‘నువ్వు’ అని పిలిచి మాట నేర్పబోయే కుర్ర వైద్యుడికి ఆ రైతు నోరు విప్పుతాడా?

తొలి జట్టువారిలో కొందరు తర్వాతి జట్టుకు ఆస్పత్రుల్లో శిక్షణ ఇచ్చేవారయ్యారు. నా దృష్టిలో ఆ సహకారం ఫలించిందనడానికి ఇదే గుర్తు. విదేశీ అధ్యాపకుని అవసరం తగ్గుతూ పోవాలి. అవసరం ఏళ్ళ తరబడి అలాగే నిలిచి ఉంటే దానికి సహకారం అనే పేరు తగదు.

ఉగాండాలో 2008లో మకెరెరే విశ్వవిద్యాలయం ఈ విద్యలో డిగ్రీ ప్రారంభించింది. అక్కడా విదేశీ వాలంటీర్లు, విశ్వవిద్యాలయాలు తోడ్పడినాయి. అక్కడి చిక్కు వేరు. చదువు వలస కాలం నుంచీ ఇంగ్లీషులోనే కాబట్టి పాఠానికి దుబాసీ అక్కరలేదు. కాని దేశంలో నలభైకి పైగా భాషలున్నాయి. రాజధాని చుట్టూ లుగాండా, ఉత్తరాన అచోలీ, ఇంకా ఎన్నో. తరగతి గదిలో అవసరం లేని దుబాసీ రోగి మంచం దగ్గర అవసరమవుతాడు. చదువుకున్నవాడికీ చదువు లేనివాడికీ మధ్య అగాధం అక్కడ దేశం లోపలే ఉంది.

మన పరిస్థితి ఉగాండాకు దగ్గర. 1965లోనే మైసూరులో ఈ విద్యకు అఖిల భారత సంస్థ ఏర్పడింది. సికింద్రాబాదులో అలీయావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలలో మాట, భాషా వైకల్యాన్నీ చేర్చింది. సంస్థలున్నాయి, చట్టముంది, చదువుకున్న పిల్లలున్నారు. కాని చదువు మొదటి నుంచి చివరి దాకా ఇంగ్లీషులో సాగుతుంది. ఆ చదువుకు అమెరికాలోనూ గల్ఫ్‌లోనూ గిరాకీ ఉంది. మండల కేంద్రంలోని ప్రభుత్వాస్పత్రిలో మాత్రం ఆ ఉద్యోగం సాధారణంగా కనబడదు. తప్పు ఆ పిల్లలది కాదు. ఇక్కడ జీతం లేని చోట, ఇక్కడి భాష లేని చదువు చదివినవాళ్ళు ఇక్కడే ఎందుకుండాలి?

తెలుగుకు ప్రత్యేకంగా కావలసినదేమిటో కొంచెం వివరించాలి. పక్షవాతం తర్వాత వాక్యనిర్మాణం దెబ్బతిన్నదా అని చూడడానికి ఇంగ్లీషు పరీక్షలు ‘ది’, ‘ఈజ్’ వంటి చిన్నమాటలు జారిపోతున్నాయా అని చూస్తాయి. తెలుగులో ఆ మాటలే లేవు. ‘ఇది ఇల్లు’ అంటే సంపూర్ణ వాక్యం. మనం చూడవలసింది ప్రత్యయాలను: ఇంటికి, ఇంట్లో, ఇంటినుంచి అన్న తేడా నిలిచిందా? వచ్చాను, వచ్చావు, వచ్చాడు అన్న తేడా నిలిచిందా? అలాగే పలు, పాలు. గద, గద్ద – అచ్చు పొడుగునూ హల్లు ద్విత్వాన్నీ బట్టి అర్థం మారే భాష మనది. ణ, ళ ఇంగ్లీషులో లేవు. ఏ వయసుకు ఏ ధ్వని కుదురుకుంటుందో తెలుగు పిల్లల మాట విని తేల్చాలి తప్ప లండన్ పిల్లల పట్టిక చూసి కాదు.

తెలుగులోకి మార్చినంత మాత్రాన పని పూర్తికాదు. ఎవరి తెలుగులోకి? ‘భారతం’ అనే మాటను కూలి తల్లి ‘బారతం’ అంటుంది. అది దోషమని గుర్తుపెడితే పరీక్షకు గ్రాంథిక వ్యాధి పట్టిందన్నమాట. ఒకే బొమ్మను మా వైపు పిల్లవాడు పల్లీలు అంటాడు, కోస్తా పిల్లవాడు వేరుశనక్కాయలు అంటాడు, సీమ పిల్లవాడు చెనక్కాయలు అంటాడు. గుంటూరు సొరకాయ విశాఖలో ఆనపకాయ. ఒక్క జవాబునే ఒప్పుగా అచ్చువేస్తే మిగతా పిల్లల తెలివికి సున్నా పడుతుంది. తిండి విషయంలోనూ ఇంతే. మింగలేని రోగికి విదేశీ పుస్తకం చెప్పే ఉడికించిన బంగాళాదుంప ముద్ద మన ఇళ్ళలో నిత్యాహారం కాదు. పలచని చారులో తేలే మెతుకులు అలాంటి రోగికి ప్రమాదం. నీరూ గట్టి పదార్థమూ కలిసి ఒకేసారి గొంతులోకి జారుతాయి. అదే అన్నాన్ని పెరుగుతో మెత్తగా పిసికితే మేలు కావచ్చు. ఏ రోగికి ఏది సరిపడుతుందో పరీక్షించి చెప్పవలసింది చికిత్సకులే. కాని చెప్పేది వంటింటి మాటల్లో చెప్పగలగాలి.

సహకారం ఒకవైపే ప్రవహించనక్కరలేదని చెప్పడానికి మన హైదరాబాదే సాక్ష్యం. నిజాం వైద్యవిజ్ఞాన సంస్థకు చెందిన సువర్ణ అల్లాడి, ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ బాక్ తదితరులు మతిమరుపు వ్యాధిగ్రస్తులైన 648 మందిని పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించారు. ఒకటి కంటే ఎక్కువ భాషలు మాట్లాడేవారికి ఆ వ్యాధి సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలయిందని వారు చూశారు. అక్షరం ముక్క రానివారిలోనూ ఆ తేడా కనబడింది. దానికి కారణం భాషలేనా అన్న చర్చ ఇంకా ఉన్నది. గమనించవలసింది వేరే ఉంది. బడికి వెళ్ళకుండానే తెలుగూ ఉర్దూ మాట్లాడే మనుషులు హైదరాబాదు బజారులో సర్వసాధారణం. రెండు భాషలు చదువుతో, వలసతో ముడిపడి వచ్చే పాశ్చాత్య నగరాల్లో ఈ ప్రశ్నను ఇలా పరీక్షించడం కష్టం. ఇక్కడ జ్ఞానానికి మూలం మన నిరక్షరాస్యుల నోటి మాట. సమాన ప్రాతిపదిక అంటే ఇది: ఇచ్చేవాడికీ తెలియనిది పుచ్చుకునేవాడి దగ్గర ఉందని ఇద్దరూ ఒప్పుకోవడం.

కాబట్టి ఇలాంటి ఒప్పందం ఏది మన ముందుకు వచ్చినా మూడు ప్రశ్నలు వేయాలంటాను. పాఠమూ పరీక్షా క్రమంగా ప్రజల భాషలోకి వస్తున్నాయా? ఇక్కడివారు ఎన్నేళ్ళలో గురువులవుతారు? చదువుకున్నవారికి ప్రభుత్వం ఉద్యోగాలు చూపిస్తున్నదా? మూడింటికీ జవాబు దొరికితే తలుపు తీయాలి. విదేశీ అనే ఒక్క కారణంతో తలుపు మూస్తే నష్టపోయేది సామ్రాజ్యవాదం కాదు, వెనక బెంచీ పిల్లవాడు. పశ్చిమ దేశాల్లో దశాబ్దాలుగా పోగుపడిన ఈ శాస్త్రాన్ని వద్దనుకునే హక్కు మాటలున్న మనకు లేదు.

మనలో ఒకరు ఈ పనిని వంద సంవత్సరాలకు ముందే చేసి చూపించారు. గిడుగు రామమూర్తి (1863–1940) మనలాంటి బడిపంతులే. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ సవర భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు వాళ్ళ మాటల్లోనే వాచకాలు రాశారు, నిఘంటువు కూర్చారు. ముందు ఆ మనుషుల మాట విన్నారు, తర్వాతే చెప్పారు. ఆ అడవుల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. క్వినైన్ వాడి చెవులు పోగొట్టుకున్నారు. వినికిడి పోయిన మనిషి జనం నోటి మాట కోసం జీవితాంతం పోరాడారు. వ్యావహారిక భాషోద్యమం గెలిచిందని మనం సభల్లో చెప్పుకుంటున్నాం. పత్రికల్లో గెలిచింది, కథల్లో గెలిచింది. ఆస్పత్రి గదిలో ఇంకా గెలవలేదు.

ఆ పిల్లవాడి సంగతి చెప్పి ముగిస్తాను. ఆ చికిత్సకురాలికి ఫోన్ చేసి నేనేం చేయగలనని అడిగాను. ఆమె సిగ్గుపడలేదు, నన్ను సిగ్గుపరచలేదు. ‘ఒక్క అక్షరం తేడాతో అర్థం మారే జంటలు కావాలి సార్, వాళ్ళింట్లో వాడే మాటలు కావాలి, అవి నాదగ్గర లేవు’ అన్నది. ఒక సాయంత్రం వాళ్ళ ఇంటి ముందు తల్లితో కూర్చున్నాను. ఆమె చెబుతుంటే రాసుకున్నాను: కొడవలి, కోడి, కందులు, కవ్వం, గంప, గడ్డి. నేను జంటలు వెతికాను: కోట, తోట, కల, తల, కాత, తాత. ఎలా పలికించాలో, ఎప్పుడు ఆపాలో ఆమె ఫోనులో చెప్పింది. తల్లి వంట దగ్గర, నేను బడి విడిచాక పలికించాం. ఏడో తరగతి ముగిసేసరికి చాలా మాటల్లో ‘క’ నిలబడింది. తొందరపడితే మళ్ళీ జారేది. నాకా విద్య రాదు, రాదన్న సంగతి మరిచిపోకూడదు కూడా. నేనిచ్చింది మాటల పట్టిక మాత్రమే.

కాని ఆ పట్టిక విదేశీ విశ్వవిద్యాలయమేదీ ఇవ్వలేదు. దాన్ని జిల్లా జిల్లాకూ, మాండలికం మాండలికానికీ కూర్చవలసినవాళ్ళం మనమే. 1962లో వ్యవసాయ పదాలతో మొదలయిన మాండలిక వృత్తిపదకోశం మనకు దారి చూపే ఉంది. మన సంఘం శాఖలున్న ప్రతి ఊళ్ళోనూ తెలుగు పంతుళ్ళు, కథకులు, చికిత్సకులు ఒకచోట కూర్చుని ఈ పని మొదలుపెట్టవచ్చు. నోరులేనివాళ్ళ తరఫున మాట్లాడుతున్నామని మనం తరచూ చెప్పుకుంటాం. వాళ్ళు తమంతట తాము మాట్లాడడానికి కావలసిన మాటలను ముందు పోగుచేద్దాం.